‘డోంట్ ఫీల్’ అన్నాను, కోడలు లేచి వెళ్లిపోయింది

ఈ వారం ఉత్తరం కడప నుంచి వచ్చింది. రూళ్ల నోటుపుస్తకంలోంచి చింపి, రెండు వైపులా రాసిన కాగితాలు తొమ్మిది. మొత్తం వేసే చోటు లేదు. ఆ అమ్మ ఎవరో తెలియకుండా విషయం మాత్రం చెబుతాను.

ఆమెకు యాభై ఆరేళ్లు. ఏడో తరగతితో బడి మానేసింది. పెళ్లయిన ఆరేళ్లకే భర్త పోయాడు. కొడుకును తన తల్లి దగ్గర వదిలి కువైట్ వెళ్లి, ఒక ఇంట్లో పదకొండేళ్లు వంటపని చేసింది. ఆ డబ్బుతో చదువుకున్న కొడుకు ఇప్పుడు ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మూడేళ్ల కిందట అక్కడి అమ్మాయినే పెళ్లి చేసుకున్నాడు.

పెళ్లయ్యాక ఇద్దరూ ఒకసారి కడప వచ్చారు. కోడలు కారం దోసె తిని కళ్లనీళ్లు కారుస్తూనే నవ్విందట. దేవుని కడప గుడికీ పెద్ద దర్గాకూ అత్త వెంట వెళ్లిందట. ‘అమ్మా’ అని పిలవబోతే ‘ఎమ్మా’ అని వచ్చేది, ఆ పిలుపే ఖాయమైపోయింది. తిరిగి వెళ్లాక ప్రతి ఆదివారం రాత్రి ఏడున్నరకు వీడియో కాల్. కొడుకు మధ్యలో కూర్చుని అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పేవాడు. ఒకసారి కోడలు ‘ఐ యామ్ పూర్లీ’ అని మెసేజ్ పెడితే, పూర్ అంటే బీదవాళ్లు కదా అని ఈమె హడలిపోయి, కొడుక్కి ఫోన్ చేసి ‘డబ్బుకేమన్నా ఇబ్బందా నాయనా’ అని అడిగిందట. అది తలుచుకుని ముగ్గురూ చాలా రోజులు నవ్వుకున్నారు.

రెండు నెలల కిందట కోడలికి మూడో నెలలో గర్భం పోయింది. ఆ ఆదివారం జరిగింది ఆమె మాటల్లోనే చదవండి.

“కొడుకు ముందే చెప్పినాడు. నాకు మూడు దినాలు అన్నం సయించలేదు. ఆదివారం ఆ పిల్ల ముఖం చూస్తూనే నాకు ఏడుపొచ్చింది. వాడు చెప్పేదాకా ఆగలేక నేనే మాట్లాడినాను. ఏం పొరపాటు జరిగింది తల్లీ అని అడగాలని ‘వాట్ మిస్టేక్ యూ డన్’ అన్నాను. ఆ పిల్ల ముఖం మాడిపోయింది. బాధపడొద్దు అని చెప్పాలని ‘డోంట్ ఫీల్, డోంట్ ఫీల్, గాడ్ గివ్ అనదర్’ అన్నాను. లేచి లోపలికి పోయింది. వాడు తల పట్టుకుని, ‘సారీ అని ఒక్క మాట అనుంటే సరిపోయేది కదమ్మా’ అన్నాడు. నేనేం తప్పు చేసినానని సారీ చెప్పాలి? ఆ బిడ్డ కోసం నేను ఏడ్చింది ఎవరు చూసినారు?”

అప్పటి నుంచి ఎనిమిది ఆదివారాలు గడిచాయి. కోడలు తెర మీదికి వచ్చి ‘హాయ్ ఎమ్మా, హౌ ఆర్ యూ’ అంటుంది. ఈమె ‘ఐ యామ్ ఫైన్, హౌ ఆర్ యూ’ అంటుంది. ఆ పిల్ల ‘ఐ యామ్ ఫైన్’ అని చేయి ఊపి పక్కకు తప్పుకుంటుంది. అంతే. ఈమె అక్కేమో ‘పెద్దదానివి, నువ్వు తగ్గినావంటే రేపు లెక్క చేయదు’ అంటోంది. కొడుకు ‘వదిలెయ్యమ్మా, తనే సర్దుకుంటుంది’ అంటున్నాడు. ఈమె ఏడు రోడ్ల దగ్గర ఇంగ్లిష్ నేర్పే పుస్తకం ఒకటి కొనుక్కొచ్చింది. బ్యాంకులో ఏం మాట్లాడాలో, రైల్వేస్టేషన్‌లో ఏం అడగాలో అందులో ఉంది. ఇది మాత్రం లేదు.

“సారీ చెప్పాలా వద్దా? ఎట్లున్నావు తల్లీ అని ఆ పిల్లను నిజంగా అడగాలంటే ఇంగ్లిష్‌లో ఏమనాలి? అరబ్బీ వచ్చింది కదా నాకు, ఇదెందుకు రాదు?” ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా,

ముందు ఆ సారీ సంగతి చూద్దాం. మీ ఇంట్లో ఎనిమిది వారాలుగా ముడిపడి ఉన్నదాంట్లో సగం ఆ ఒక్క మాట దగ్గరే ఉంది.

మన నోట్లో సారీ అంటే తప్పు ఒప్పుకోవడమే. కాలు తగిలితే సారీ, ఆలస్యంగా వస్తే సారీ. కానీ ఇంగ్లిష్‌వాళ్ల సారీకి ఇంకో పని కూడా ఉంది, అది మన దాకా రాలేదు. ఎవరింట్లోనైనా చావు జరిగిందని తెలిసినా, జబ్బు చేసిందని విన్నా వాళ్లు మొదట అనే మాట ‘ఐ యామ్ సో సారీ’. అక్కడ తప్పు ఎవరిదీ కాదు. మనం గుండె మీద చేయి వేసుకుని ‘అయ్యో’ అంటామే, అదే అది. అసలు ఆ మాట పుట్టిందే నొప్పి అనే అర్థం నుంచి. గొంతు నొప్పిని డాక్టర్లు ‘సోర్ త్రోట్’ అంటారు కదా, ఆ సోర్‌కూ ఈ సారీకీ మూలం ఒకటే. నీకు తగిలిన దెబ్బ నాకూ నొప్పిగా ఉంది అని చెప్పడమన్నమాట.

మీ అబ్బాయి అనమన్నది ఈ అయ్యోనే అని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఏళ్ల తరబడి అక్కడ ఉన్నవాడు, ఆ మాట మన ఊళ్లో ఒక్క అర్థంతోనే బతుకుతోందని మరిచిపోయాడు. ‘అయ్యో అను’ అని అతను చెప్పాడు, ‘క్షమాపణ అడుగు’ అని మీకు వినబడింది. అలాగని నేను ఒట్టు వేయలేను. అతన్నే ఒకసారి అడగండి, ‘ఆ రోజు నువ్వు ఏ సారీ అన్నావురా’ అని.

ఇక మీరన్న మాటలు ఆ అమ్మాయి చెవికి ఎలా చేరి ఉంటాయో చెబుతాను. మిమ్మల్ని నొప్పించడానికి కాదు, ఆమె ఎందుకు లేచి వెళ్లిందో మీకు తెలియాలి కాబట్టి.

‘ఫీలవడం’ మన తెలుగులో ఎప్పుడో చేరిపోయింది. ‘నేనట్లా అనేసరికి ఫీలయ్యాడు’ అంటాం. అంటే నొచ్చుకున్నాడని. వాళ్ల మాటను తెచ్చుకుని అందులో బాధ ఒక్కటే ఉంచుకున్నాం. ఇంగ్లిష్‌లో ఫీల్ అనేది సంతోషానికీ చలికీ భయానికీ ఆకలికీ అన్నింటికీ వాడే మాట. దాని పక్కన ‘బ్యాడ్’ లాంటిది ఏదీ పెట్టకుండా ‘డోంట్ ఫీల్’ అంటే వాళ్లకు వినబడేది ‘నీకు మనసనేది ఉండకూడదు, రాయిలా ఉండు’ అని. మీరన్నది బాధపడొద్దు తల్లీ అని. ఆమె విన్నది ఏడవడానికి నీకేం హక్కుంది అని.

‘మిస్టేక్’ ఇంకా గట్టిగా తగిలింది. మనకు పొరపాటు దానంతట అది కూడా జరుగుతుంది. వాళ్ల మిస్టేక్‌కు చేసిన మనిషి ఉండాలి. దానికి మీరు ‘యూ డన్’ తగిలించారు. అలాంటి వారంలో ఉన్న ఏ ఆడపిల్లైనా రాత్రిళ్లు తనను తాను అడుగుకునేది సరిగ్గా అదే ప్రశ్న. బరువేమన్నా ఎత్తానా, మెట్లెక్కువ ఎక్కానా, తినకూడనిదేమన్నా తిన్నానా అని. మన దగ్గరైతే బొప్పాయి నుంచి దిష్టి దాకా ఎన్ని చెబుతారో మీకు తెలుసు. నిజానికి గర్భం వచ్చిందని తెలిసిన ప్రతి ఎనిమిది మందిలో దాదాపు ఒకరికి అది నిలవదని బ్రిటన్ ప్రభుత్వ వైద్యవిభాగమే చెబుతోంది. అందులో ఎక్కువ భాగం మొదటి పన్నెండు వారాల్లోనే పోతాయి. పిండంలోని క్రోమోజోములు సరిగ్గా కుదరకపోవడమే చాలావాటికి కారణం, తల్లి చేసింది ఏమీ ఉండదు. కాబట్టి ఈ విషయంలో మిస్టేక్ అనే మాటకు చోటే లేదు, తెలుగులోనైనా సరే.

‘గాడ్ గివ్ అనదర్’ దగ్గర మాత్రం నేను భాషను తప్పుపట్టను. అది చక్కటి తెలుగులో చెప్పినా గుచ్చుకుంటుంది. మనందరం అంటాం, నేనూ అన్నాను, మా చిన్నాడపడుచుతో, ఆమె ఆసుపత్రి మంచం మీద ఉండగానే. అంతకంటే ఏమనాలో తోచక అంటాం. కానీ పోయిన బిడ్డ పోనీలే, ఇంకోటి వస్తుంది అన్నట్టుంటుంది అది. ఇరవై ఏళ్ల తర్వాత ఆ ఆడపడుచే నాకు చెప్పింది, ‘వదినా, ఆ రోజు నీ నోరు మూయాలనిపించింది’ అని.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న. అరబ్బీ వచ్చింది కదా, ఇదెందుకు రాదు అన్నారు. నాకు మీ ఉత్తరంలో అన్నింటికంటే నచ్చిన వాక్యం అది.

కువైట్‌లో ఆడవాళ్లను ఎలా పలకరిస్తారో నాకంటే మీకే బాగా తెలుసు. ‘ష్లోనిచ్?’ అంటారు. ఆ మాటను విడదీస్తే ‘నీ రంగెట్లా ఉంది?’ అని అర్థం. ముఖంలో రంగు బాగుంటే మనిషి బాగున్నట్టు. మీరు పదకొండేళ్లు ఆ మాట విన్నారు, అన్నారు. ఏనాడైనా విడదీసి చూశారా? లేదు. ముక్కలు చేయకుండా మొత్తంగా నోట్లో వేసుకున్నారు. అదే మాటను ముక్కముక్కగా తెలుగు చేసి కడపలో పక్కింటామెను ‘నీ రంగెట్లుంది?’ అని అడిగి ఉంటే పెద్ద గొడవే అయ్యేది. ఇంగ్లిష్ దగ్గరికి వచ్చేసరికి మీరు చేస్తున్నది ఆ పనే. ముందు తెలుగులో అనుకుని, ఒక్కో ఇటుకా తీసి ఇంగ్లిష్ గోడకు పేరుస్తున్నారు.

ఇంకో తేడా కూడా ఉంది. కువైట్ వంటింట్లో మీకూ ఆ ఇంటావిడకూ మధ్య ఎవరూ కూర్చోలేదు. అర్థమైనా కాకపోయినా మీరే వినాలి, మీరే చెప్పాలి. ఇక్కడ మూడేళ్లుగా మీ అబ్బాయి మధ్యలో ఉన్నాడు. పాపం మంచి ఉద్దేశంతోనే ఉన్నాడు, కానీ అత్తాకోడళ్లు ఒకరి గొంతు ఒకరు వినే అవసరం లేకుండా చేశాడు.

కాబట్టి ఇంగ్లిష్‌ను కూడా ష్లోనిచ్ లాగే ముక్కలు చేయకుండా తీసుకోండి. ఎక్కువ అక్కర్లేదు, నాలుగైదు మాటలు చాలు. అంతకుముందు ‘హౌ ఆర్ యూ’ గురించి ఒకటి చెప్పాలి.

నేను ఇంటర్ పిల్లలకు ఇంగ్లిష్ చెప్పి బతికినదాన్ని. అయినా నాకు ఈ సంగతి తెలిసింది ఒక బస్సులో. ధర్మవరంలో పుట్టపర్తి బస్సెక్కాను. పక్కన తెల్లచీర కట్టుకున్న ఒక విదేశీ పెద్దావిడ. కూర్చోగానే నవ్వి ‘హౌ ఆర్ యూ?’ అంది. అడిగింది కదా అని మోకాళ్ల నొప్పి నుంచి మొదలుపెట్టాను. మెట్లెక్కితే ఆయాసం, వేసుకునే మాత్రలు, వాటివల్ల కడుపులో మంట, అన్నీ వ్యాకరణం తప్పకుండా చెప్పాను. ఆవిడ నవ్వుతూనే ఉంది, కానీ ఆ నవ్వు మెల్లగా కిటికీ వైపు తిరిగింది. కొత్తచెరువులో ముందు సీటు ఖాళీ కాగానే లేచి వెళ్లిపోయింది. ‘హౌ ఆర్ యూ’ నిజానికి ప్రశ్న కాదు, నమస్కారం. దానికి ‘ఫైన్, థాంక్యూ’ అనేది ప్రతి నమస్కారం. మనం ఎదురుపడ్డవాళ్లను ‘ఏం, తిన్నావా’ అంటామే, వాళ్లు ఏం తిన్నారో, ఎంత తిన్నారో మనకు అక్కర్లేదు కదా, అలాగన్నమాట.

మీ కోడలి ఊరివైపు ‘ఆర్ యూ ఆల్రైట్?’ అని కూడా పలకరిస్తారు. మనకు వింటే ‘ఏమైంది, ఒంట్లో బాగాలేదా’ అన్నట్టుంటుంది, కానీ అదీ ఉత్త నమస్కారమే. ‘నాట్ టూ బ్యాడ్’ అని జవాబొస్తే బాధపడకండి, బాగానే ఉన్నానని దాని అర్థం. ‘పూర్లీ’ మీకు ఇప్పటికే తెలుసు, ఒంట్లో నలతగా ఉందని. ‘ఐ వాజ్ సిక్’ అంటే ఇంగ్లండ్‌లో చాలాసార్లు వాంతి చేసుకున్నానని. మన టెన్షన్, ‘డోంట్ టేక్ టెన్షన్’, అక్కడ ఎవరికీ ఎక్కదు. అన్నింటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది ‘డల్’ దగ్గర. ‘ఏమ్మా, డల్‌గా ఉన్నావు’ అని మనం ప్రేమగా అడుగుతాం. దాన్నే ‘వై ఆర్ యూ డల్’ అంటే ‘నువ్వెందుకింత చప్పిడి మనిషివి’ అన్నట్టు వినబడుతుంది వాళ్లకు. ‘చిక్కిపోయావు’, ‘ఒళ్లు చేశావు’ కూడా వద్దు. ముఖం చూసి మనం చెప్పే సంగతులేవీ అక్కడ పలకరింపుల కింద చెల్లవు.

కాబట్టి ఎనిమిది ఆదివారాలుగా మీరిద్దరూ ‘హౌ ఆర్ యూ, ఫైన్’ అనుకున్నది మాట్లాడుకోవడం కాదు, గుమ్మం దగ్గర నమస్కారాలు పెట్టుకోవడం. అందులో ఒక ఓదార్పు కూడా ఉంది. ఆ పిల్ల ప్రతి వారం గుమ్మం దాకా వస్తోంది. కోపమే అయితే కొడుకు ఒక్కడే కూర్చునేవాడు. ఆ రోజు లేచి వెళ్లింది కూడా మీ మీద కోపంతోనే అనుకోనక్కర్లేదు. ఏడుపు ఆపుకోలేక కూడా వెళ్లి ఉండొచ్చు. పరాయి భాషలో ఓదార్చబోతున్న అత్త ముందు ఏడవడం ఏ కోడలికైనా కష్టమే.

నిజంగా అడగాలనుకుంటే ‘హౌ ఆర్ యూ ఫీలింగ్ టుడే?’ అనండి. చూడండి, ఇక్కడ ఫీల్ ఎంత మెత్తగా కూర్చుందో. ఆ ‘టుడే’ను వదలకండి. ‘ఎలా ఉన్నావు’ అంటే మొత్తం దుఃఖం గురించి చెప్పాలి. ‘ఇవాళ ఎలా ఉంది’ అంటే ఇవాళ్టి మట్టుకు చెప్తే చాలు. ‘టుడే ఈజ్ ఓకే’ అనేసి ఊరుకోవచ్చు. దాని వెనకే ‘యూ డోంట్ హావ్ టు టాక్ అబౌట్ ఇట్’ అంటే, చెప్పాలనిపించకపోతే చెప్పొద్దులే తల్లీ అని. మనకు ఈ మాట కొత్త. మనవాళ్లు పరామర్శకు వస్తే మొదటి నుంచి చివరి దాకా చెప్పించుకుని గానీ లేవరు. వాళ్లు ఎక్కువగా తలుపు తెరిచి పెట్టి పక్కకు నిలబడతారు.

ఇక ఏం చేయొచ్చో చూద్దాం. నాకు నాలుగు దారులు కనిపిస్తున్నాయి.

మీ అబ్బాయి చెప్పినట్టు వదిలేయడం ఒక దారి. ఆ పిల్ల తేరుకోవడానికి సమయం పడుతుంది, అందులో అబద్ధం లేదు. కొన్ని నెలలకు నవ్వుతూ మాట్లాడొచ్చు కూడా. కానీ ఆ ‘మిస్టేక్’ మాత్రం తీయని ముల్లులా లోపలే ఉంటుంది. రేపు మళ్లీ నెల తప్పితే మీకు చెప్పడానికి వెనకాడుతుంది. దేవుడి దయవల్ల బిడ్డ పుట్టి, ఆ బిడ్డకు జలుబు చేస్తే మీకు తెలియనివ్వదు. నా మట్టుకు నాకు ఈ దారి నచ్చదు, అయినా తప్పు దారి అనను.

మీ అక్క చెప్పింది ఇంకో దారి. పెద్దరికం. ఆమె లెక్క ఒక ఇంట్లో, ఒక వంటింట్లో ఉన్న అత్తాకోడళ్లకు సరిపోతుందేమో. అక్కడ రోజుకు పదిసార్లు ఎదురుపడతారు, కూర గిన్నె అందించుకునేటప్పుడైనా ఎవరో ఒకరు మాట కలుపుతారు. మీకున్నది వారానికి అరగంట తెర. అందులో ఎవరు ముందు తగ్గాలి అని చూస్తూ కూర్చుంటే ఏళ్లు పడుతుంది. మీ అక్కకు ఎదురు చెప్పొద్దు, సరేనని ఊరుకోండి.

మూడోది, కొడుకు చేత చెప్పించడం. చెప్పించండి, కానీ ‘అమ్మ చాలా బాధపడుతోంది’ అని కాదు. అలా చెబితే కోడలు ఇప్పుడు మిమ్మల్ని ఓదార్చాలి. అతను చెప్పాల్సింది భాష సంగతి ఒక్కటే. తెలుగులో ఫీల్ అంటే బాధ, పొరపాటుకు మనిషి అక్కర్లేదు, అమ్మ అనాలనుకున్నది ఇది, వినబడింది అది అని. ఇందులో చిక్కేమిటంటే మళ్లీ మధ్యలో అతనే ఉంటాడు. అయినా కనీసం మీ మాటకు అర్థం చెప్పినట్టవుతుంది.

నాలుగోది, మీ గొంతుతో వాట్సాప్‌లో ఆడియో పెట్టడం. వీడియో కాల్‌లో వద్దు. ముఖం ఎదురుగా ఉంటే ఆ పిల్ల ఏదో ఒకటి జవాబు చెప్పి తీరాలి. ఆడియో అయితే ఒక్కతే ఉన్నప్పుడు వింటుంది, రెండుసార్లు వింటుంది, ఏడవాలనిపిస్తే ఏడుస్తుంది. నేను రాసిస్తాను, మీకు నచ్చినంత తీసుకోండి.

“హలో తల్లీ, దిస్ ఈజ్ ఎమ్మా. ఐ యామ్ సో సారీ అబౌట్ ది బేబీ. ఐ యామ్ సారీ ఫర్ మై వర్డ్స్ దట్ డే. మై ఇంగ్లిష్ ఈజ్ స్మాల్. ఐ థింక్ ఆఫ్ యూ ఎవ్రీ డే. యూ డోంట్ హావ్ టు ఆన్సర్.”

ఇందులో సారీ రెండుసార్లు వచ్చింది, రెండూ వేరు. మొదటిది అయ్యో. రెండోది ఆ రోజు నా మాటలకు. మీ మనసు తప్పని అందులో ఎక్కడా లేదు, మాటలు తప్పాయని మాత్రమే ఉంది. అదీ మీకు ఒప్పుదల కాకపోతే ఆ రెండో సారీ ఉన్న వాక్యం తీసేయండి, మొదటి సారీ ఉంచండి. అప్పుడు ఓదార్పు చేరుతుంది, ముల్లు మాత్రం కాస్త మిగులుతుంది. ‘మై ఇంగ్లిష్ ఈజ్ స్మాల్’ సరైన ఇంగ్లిష్ కాదు, నాలోని పాత లెక్చరర్ దాన్ని దిద్దమంటోంది. నేను దిద్దను. ‘బేబీ’ అనాలా వద్దా అని మాత్రం ముందుగా మీ అబ్బాయిని అడగండి. వాళ్లిద్దరూ దాన్ని ఏ మాటతో తలుచుకుంటున్నారో ఆ మాటే వాడాలి. చివరి వాక్యం, జవాబు ఇవ్వనక్కర్లేదు అన్నది, మీకు కూడా వర్తిస్తుంది. పెట్టాక నీలం టిక్కులు చూసుకుంటూ కూర్చోవద్దు. పెట్టే వేళ కూడా చూసుకోండి. మనకంటే వాళ్లు చలికాలంలో అయిదున్నర గంటలు, ఎండాకాలంలో నాలుగున్నర గంటలు వెనక ఉంటారు. మీరు పొద్దున్నే ఆరుకు పెడితే అక్కడ అర్ధరాత్రి దాటి ఉంటుంది.

ఇంకొక చిన్న సంగతి. మీరు ఇంగ్లిష్ వైపు ఇంత దూరం నడుస్తున్నారు, ఆ పిల్లను కూడా రెండడుగులు రానివ్వండి. 1820లో మీ కడపకే ఉద్యోగానికి వచ్చిన ఒక ఇంగ్లిష్ దొర మన భాష నేర్చి, తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువే చేశాడు. ఎర్రముక్కపల్లెలో ఆ బ్రౌన్ పేరుతో గ్రంథాలయం ఉంది, మీరు దాని ముందు నుంచి ఎన్నిసార్లు పోయుంటారో. మీ కోడలు నిఘంటువు రాయనక్కర్లేదు. ‘ఎట్లుండావు ఎమ్మా’ అనడం నేర్పండి చాలు. ‘డిడ్ యూ ఈట్’ అని మీరు ప్రతి వారం ఎందుకు అడుగుతారో కూడా ఒకసారి చెప్పించండి. లేకపోతే అత్తగారు తిండి లెక్కలు చూస్తోందనుకుంటుంది. ఇవి ఇప్పుడే కాదు, ఆ ఆడియో తర్వాత నాలుగైదు వారాలు పోనిచ్చి.

ఆమె సరిగ్గా నిద్రపోవడం లేదనీ, తినడం లేదనీ మీ అబ్బాయి చెబితే మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి, వాళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లమనండి. అది ఫోన్లో అత్త తీర్చగలిగేది కాదు.

చివరగా ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. తొమ్మిది కాగితాల్లో మీ బాధ ఉంది, కోడలి బాధ ఉంది. మీ అబ్బాయి వస్తాడు, మీ మాట అటూ ఆమె మాట ఇటూ చెబుతాడు, తల పట్టుకుంటాడు, వెళ్లిపోతాడు. పోయింది అతని బిడ్డ కూడా. ఈ రెండు నెలల్లో అతన్ని ఎవరైనా ఎట్లున్నావని అడిగారా? దానికి మీకు నా ఇంగ్లిష్ అక్కర్లేదు. ఆదివారం కాకుండా వేరే రోజు, ఆఫీసు నుంచి నడిచి వస్తున్నప్పుడు, వీడియో లేకుండా ఫోన్ చేయండి. ‘నువ్వెట్లుండావు నాయనా?’ అనండి. ‘బాగుండానమ్మా’ అంటాడు. కువైట్‌లో జ్వరంతో పడుకుని, ఫోన్లో ఆ పిల్లవాడికి మీరు ఎన్నిసార్లు ‘బాగుండా నాయనా’ అని చెప్పారో మీకు గుర్తుండే ఉంటుంది. అతను ఆ మాట అన్నాక ఫోన్ పెట్టేయకండి. ఏమీ మాట్లాడకపోయినా సరే, కాసేపు లైన్లోనే ఉండండి.